గెలిచిన రోజు మన మనసు ఎటు పోతోంది?



ఈ పాఠంలో ఒక ఆట గురించి మాట్లాడుకుందాం. ధమ్మ పాఠంలో ఆట ఎందుకని అనుకోకండి. రాగం, ద్వేషం, మోహం మనలో ఎలా లేస్తాయో తెలుసుకోవడానికి కళ్లు మూసుకుని కూర్చోవడం ఒక్కటే దారి కాదు. మన జట్టు ప్రత్యర్థిని చిత్తుగా ఓడించిన సాయంత్రం మన మనసును మనం గమనించినా చాలు. ఆ సాయంత్రం ఆ మూడూ దాక్కోవు. కేకల్లో, పాటల్లో, ఎగతాళిలో బయటికి వచ్చేస్తాయి.

దీనికి కోల్‌కతా ఫుట్‌బాల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అనే రెండు క్లబ్బుల మధ్య పోటీ వందేళ్లు దాటింది. గెలిచిన అభిమాని మనసు ఎన్ని రకాలుగా నడుస్తుందో ఆ వందేళ్లలో చూడొచ్చు.

1. రెండు వైపులా ఉన్న గౌరవం

మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జులై 29న ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే తెల్లవాళ్ల సైనిక జట్టును 2-1తో ఓడించింది. ఆ షీల్డ్ గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే. పదకొండు మందిలో పది మంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. పాలించేవాడి ముందు తలవంచుకుని బతికిన జనం ఆ రోజు తలెత్తుకున్నారు.

ఈస్ట్ బెంగాల్ పుట్టుక వేరు. 1920లో మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కు ముందు జోరాబగాన్ అనే క్లబ్బు శైలేష్ బోస్ అనే ఆటగాణ్ణి పక్కన పెట్టింది. ఆయన తూర్పు బెంగాల్ మనిషి. అందుకే తీసేశారని భావించి ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటికి వచ్చేశారు. ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ క్లబ్బు మొదలైంది. దేశ విభజన తర్వాత సరిహద్దు దాటి, ఇల్లూ పొలం వదిలి వచ్చిన లక్షల మంది కాందిశీకులకు ఆ క్లబ్బు పేరులోనే తమ ఊరు కనిపించింది.

కాబట్టి రెండు వైపులా అభిమానానికి వేరు ఉంది. అది వట్టి పిచ్చి కాదు, ఆత్మగౌరవం. ఆత్మగౌరవం విలువ ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. తరతరాలుగా ఓడిపోవడమే మీ రాత అని విన్నవాళ్లం. అలాంటి మనకు గెలుపు రోజున సంతోషించకండి అని ధమ్మం చెప్పదు. మరి ఏం చెబుతుంది? ఆ సంతోషం దేన్ని తిని బతుకుతోందో చూసుకోమంటుంది.

2. ఐదు గోల్స్ రాత్రి

1975 ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ను ఓడించింది. శ్యామ్ థాపా రెండు గోల్స్ కొట్టాడు. కోల్‌కతా లీగ్‌ను వరుసగా ఆరో ఏడాది గెలిచింది కూడా ఆ సంవత్సరమే. ఈస్ట్ బెంగాల్ అభిమానుల సంబరం ఎంతటిదో ఊహించుకోండి. ఆ క్లబ్బు గుర్తు దివిటీ. జట్టు గెలిచాక అభిమానులు కాగితాలు చుట్టి దివిటీల్లా వెలిగిస్తారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇంట్లో ఇలిశ చేప, అంటే మన పులస జాతిది, వండుకుంటారు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల కూర. ఇందులో తప్పేముంది? ఇంటిల్లిపాదీ కూర్చుని తినడం, పక్కింటికి గిన్నెడు పంపడం మంచి సంతోషమే.

కానీ అదే రాత్రి ఇంకో ఇంట్లో ఏం జరిగిందో కూడా చూడాలి. మోహన్ బగాన్ అభిమాని అయిన ఒక యువకుడు ఆ ఓటమిని భరించలేక ప్రాణం తీసుకున్నాడు. వచ్చే జన్మలో మోహన్ బగాన్ ఆటగాడిగా పుట్టి దీనికి బదులు తీర్చుకుంటానని రాసి వెళ్లాడని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఒక ఆత్మ శరీరాలు మార్చుకుంటూ పోతుందని బుద్ధుడు చెప్పలేదు. అయినా ఆ యువకుడు కోరుకున్నట్టే పగ మాత్రం ఒక తరం నుంచి ఇంకో తరానికి నడిచింది. 2009 అక్టోబర్ 25న మోహన్ బగాన్ 5-3తో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించినప్పుడు, 34 ఏళ్ల బాకీ తీరిందని పండగ చేసుకున్నారు. అందులో 1975 నాటికి పుట్టనివాళ్లు ఎందరో! తాము చూడని ఓటమికి తాము పగ తీర్చుకున్నారు. పోనీ, అక్కడితో లెక్క ముగిసిందా? లేదు. మీరు మూడు గోల్స్ తిన్నారు, మేం ఒక్కటీ తినలేదు అని అవతలివాళ్లు మళ్లీ మొదలుపెట్టారు.

3. ఇద్దరు రాజుల కథ

సంయుత్త నికాయంలోని కోసల సంయుత్తంలో ఇలాంటి లెక్కే ఒకటి ఉంది. మగధ రాజు అజాతసత్తు తన మేనమామ అయిన కోసల రాజు పసేనది మీదికి దండెత్తాడు. మొదటి యుద్ధంలో మేనమామ ఓడి సావత్థికి వెనుదిరిగాడు. భిక్ఖువులు ఆ వార్త బుద్ధుడికి చెప్పారు. గెలిచినవాడికి పగవాళ్లు పెరుగుతారనీ, ఓడినవాడికి నిద్ర ఉండదనీ, గెలుపోటముల పట్టు వదిలినవాడే హాయిగా ఉంటాడనీ అర్థం వచ్చేలా ఆయన బోధించాడు. ధమ్మపదం సుఖవగ్గంలోనూ ఈ బోధ కనిపిస్తుంది.

రెండో యుద్ధంలో కథ తిరగబడింది. పసేనది గెలిచి మేనల్లుణ్ణి ప్రాణాలతో పట్టుకున్నాడు. నా చెల్లెలి కొడుకే కదా అని చంపలేదు. కానీ ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అన్నీ లాక్కుని వదిలాడు. ఈసారి గెలిచింది బుద్ధుడికి ఆప్తుడైన రాజు. అయినా ఆయన భళా అనలేదు. దోచినవాడు రేపు దోపిడీకి గురవుతాడని, ఆ చక్రం తిరుగుతూనే ఉంటుందని చెప్పాడు. మనవాడు గెలిచినా సూత్రం మారలేదు. ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే.

4. ముదితకు దగ్గరి శత్రువు

నాలుగు బ్రహ్మవిహారాలు మీకు తెలుసు: మెత్త, కరుణ, ముదిత, ఉపేక్ఖ. ముదిత అంటే ఎదుటివారి మంచిని చూసి సంతోషించడం. మరి నా జట్టు గెలిస్తే నేను గంతులేయడం ముదితే కదా అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్నే.

విసుద్ధిమగ్గంలో బుద్ధఘోషుడు ప్రతి బ్రహ్మవిహారానికీ ఇద్దరు శత్రువులున్నారని చెప్పాడు. ఒకటి దూరపు శత్రువు. ముదితకు అది ఎదుటివాడి మంచి అంటే గిట్టకపోవడం. దీన్ని ఎవరైనా గుర్తుపడతారు. రెండోది దగ్గరి శత్రువు. చూడ్డానికి ముదితలాగే ఉంటుంది, కాని కాదు. నాది, నావాళ్లు అన్న మమకారం నుంచి పుట్టే సంతోషం అది.

రెంటినీ వేరుచేసి చూడ్డానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మీ జట్టు గెలిచింది. ఇప్పుడు ఓడినవాళ్ల ఏడుపు ముఖాలను మీ సంబరంలోంచి తీసేయండి. వాళ్లను ఎగతాళి చేసే పాట తీసేయండి. ఇంకా సంతోషం మిగిలిందా? మిగిలితే అది ఆటను, ఆటగాడి శ్రమను చూసి పుట్టిన సంతోషం. ఏమీ మిగలకపోతే, మీరు ఇంతసేపూ మీ గెలుపును కాదు, ఎదుటివాడి అవమానాన్ని అనుభవిస్తున్నారన్నమాట.

5. పుట్టుకను బట్టి తిట్టు

కోల్‌కతాలో పడమటి బెంగాల్ మూలాలున్నవాళ్లను ఘోటీలు అని, తూర్పు నుంచి వచ్చినవాళ్లను బాంగాల్‌లు అని అంటారు. ప్రేమగా అంటే ముద్దుపేర్లే. ఆట రోజు నోరు జారితే అవే తిట్లు. యాసను, తిండిని, కాందిశీకులుగా వచ్చిన తాతలను వెక్కిరిస్తారు. గోల్ కొట్టింది పదకొండు మంది. తిట్టు తగిలేది మాత్రం ఎదుటివాడి పుట్టుకకు.

చదువుతున్న మీకు ఈ పద్ధతి ఎక్కడో చూసినట్టు అనిపించడం లేదూ? మనిషి చేసినదాన్ని వదిలేసి, ఎక్కడ పుట్టాడో దాన్ని పట్టుకుని కించపరచడం. బాబాసాహెబ్ జీవితమంతా పోరాడింది దీనిమీదే. ఆ దెబ్బ తిన్న మనం సరదాకైనా అదే కర్రను చేతిలోకి తీసుకోకూడదు.

పోనీ, ఆ 'మనవాళ్లు', 'పరాయివాళ్లు' అన్న గీత నిజంగా ఉందా? 1975లో మోహన్ బగాన్ మీద రెండు గోల్స్ కొట్టిన శ్యామ్ థాపా 1977లో అదే మోహన్ బగాన్‌లో చేరాడు. 1978లో ఈస్ట్ బెంగాల్ మీద గాల్లోకి తిరగబడి కొట్టిన గోల్‌ను అవతలి అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో, సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేల మంది ముందు ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. మూడు గోల్స్ కొట్టిన బైచుంగ్ భూటియా సిక్కిం బిడ్డ, తర్వాత మోహన్ బగాన్‌కూ ఆడాడు. 2009లో మోహన్ బగాన్‌కు నాలుగు గోల్స్ కొట్టిన నైజీరియా ఆటగాడు చిడి ఎడే తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. అంతెందుకు, ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్‌గా చేసిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టినవాడు. ఆయన ఘోటీ కాదు, బాంగాలూ కాదు. 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన భారత జట్టులో ఆయన ఉన్నాడు.

అంటే జట్టు అనేది హేతువులు, ప్రత్యయాలు కలిసినంతకాలం ఉండే కూర్పు. ఆటగాళ్లు మారతారు, కోచ్‌లు మారతారు, గెలుపు అవతలికి పోతుంది. అనిచ్చమైన దాన్ని పట్టుకుని శాశ్వతమైన పగ పెంచుకోవడమే మోహం.

6. పదహారు ప్రాణాలు

ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్పాలి? 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్ జరిగింది. మైదానంలో ఆటగాళ్లు ఒకరినొకరు మొరటుగా ఢీకొట్టారు. ఆ వేడి గ్యాలరీలోకి పాకింది. కొట్లాట, తొక్కిసలాట. 16 మంది అభిమానులు చనిపోయారు. ఆట చూడ్డానికి ఇంట్లో చెప్పి వచ్చిన మామూలు మనుషులు వాళ్లు.

ఆ తర్వాత ఆ తేదీని కోల్‌కతాలో ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా జరుపుతూ రక్తదాన శిబిరాలు పెడుతున్నారు. రక్తం ఇచ్చేవాడు ఏ జట్టు వాడని ఆ రోజు ఎవరూ అడగరు. జరిగిన తప్పుకు జవాబుగా ఎదురుదెబ్బ కాకుండా దానం చేయడం ఎంత ధమ్మబద్ధమో చూడండి.

ఇంకో సంగతి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. న్యాయం కోసం నగరం వీధుల్లోకి వచ్చింది. ఆగస్టు 18న జరగాల్సిన డ్యూరండ్ కప్ మ్యాచ్‌ను భద్రత కారణాలు చెప్పి రద్దు చేశారు. ఆ సాయంత్రం రెండు జట్ల అభిమానులూ, మహమ్మడన్ స్పోర్టింగ్ అభిమానులూ కలిసి స్టేడియం బయట నిలబడి న్యాయం అడిగారు. వందేళ్ల ప్రత్యర్థులు ఒకే గొంతు అయ్యారు. ఎవరూ తమ జెండా వదల్లేదు, తమ రంగు మార్చుకోలేదు. అభిమానాన్ని ఉంచుకునే వైరాన్ని వదిలారు. బాబాసాహెబ్ మైత్రి అన్నది, బంధుత్వ భావన అన్నది ఇలాంటిదాన్నే.

7. మనం ఏం చేయాలి?

మన పల్లెల్లోనూ, బస్తీల్లోనూ ఏప్రిల్ 14కి కుర్రాళ్లు క్రికెట్, కబడ్డీ పోటీలు పెట్టుకుంటారు. పెట్టుకోవాల్సిందే. ఆడండి, గెలవండి, డప్పు కొట్టండి. పంచశీల మాత్రం ఆ సాయంత్రం కూడా మీతో ఉండాలి.

మాటను కాపాడుకోండి. ఓడినవాడి ఊరిని, పేటను, ఇంటివాళ్లను ఎత్తి పాట కట్టకండి.

గెలుపును మందుతో జరుపుకోకండి. ఐదో శీలం గెలిచిన రోజుకి సెలవు తీసుకోదు. మన 22 ప్రతిజ్ఞల్లోనూ ఆ మాట ఉంది.

పందెం కాయకండి. సిగాలోవాద సుత్తంలో జూదాన్ని ఆస్తిని తినేసే దారుల్లో ఒకటిగా బుద్ధుడు లెక్కపెట్టాడు. అక్కడా ఆయన చెప్పిన మొదటి నష్టం డబ్బు పోవడం కాదు, గెలిచినవాడికి పగవాళ్లు పుట్టుకురావడం.

ఓడినవాళ్ల దగ్గరికి ముందు మీరే వెళ్లండి. చేయి కలిపి, బాగా ఆడావు తమ్ముడూ అనండి. వాళ్లను కూడా భోజనానికి పిలవండి.

ఓడిన రోజున కుంగిపోతున్న పిల్లవాడు కనిపిస్తే నవ్వకండి. పక్కన కూర్చుని మాట్లాడండి. 1975 రాత్రి ఆ యువకుడి పక్కన అలా ఒకరు కూర్చుని ఉంటే ఎంత బాగుండేది!

లాభం నష్టం, పేరు అపకీర్తి, పొగడ్త నింద, సుఖం దుఃఖం, ఈ ఎనిమిదీ లోకధమ్మాలు. గాలిలా వస్తాయి, పోతాయి. వాటి మధ్య తూగకుండా నిలబడడమే ఉపేక్ఖ. ఉపేక్ఖ అంటే ఆట చూడకపోవడం కాదు. గోల్ పడ్డప్పుడు లేచి అరిచి కూడా, పక్కవాడి కన్నీరు కనిపించేంత మెలకువ ఉంచుకోవడం.

ఆదివారం విహారంలో చర్చకు ప్రశ్నలు

1. ఆత్మగౌరవానికి, అహంకారానికి తేడా ఏమిటి? మీ ఊరి ఆటల్లోంచి ఒక ఉదాహరణ చెప్పండి.
2. ముదితకు దగ్గరి శత్రువు ఏది? అది మీలో ఎప్పుడు కనిపించింది?
3. పసేనది మేనల్లుణ్ణి చంపకుండా వదిలినా పగ చక్రం ఎందుకు ఆగలేదు?
4. మన జయంతి పోటీల్లో ఓడిన జట్టును గౌరవించడానికి ఈసారి ఏం చేద్దాం?

జై భీమ్. నమో బుద్ధాయ.