పాత ఆకాశ చిత్రాలలో కొత్త నీహారికలు

గ్రహ నీహారికకు గ్రహంతో ఏ సంబంధమూ లేదు. 18వ శతాబ్దపు దూరదర్శినిలో గుండ్రని గ్రహబింబంలా కనబడినందున విలియం హెర్షెల్ ఆ పేరు పెట్టాడు, అదే నిలిచిపోయింది. సూర్యునివంటి నక్షత్రం అంత్యదశలో తన పైపొరలను వదిలివేస్తుంది. లోపల మిగిలిన వేడి గర్భం నుండి వచ్చే అతినీలలోహిత కిరణాలు ఆ వాయువును వెలిగిస్తాయి. వాయువు విస్తరించినకొద్దీ పలచబడి, కొన్ని పదివేల సంవత్సరాలలోనే కనుమరుగవుతుంది. అనగా బాగా మసకగా ఉన్నవాటిలో చాలావరకు ముసలివే. అవి లెక్కలోకి రాకుంటే నక్షత్రాల జీవితచరిత్రలో ఆఖరి పుట చిరిగినట్లే.

మరి ఎక్కడ వెదకాలి? జనగామలో బజారు దీపాలు, భూపాలపల్లిలో బొగ్గుగనుల, విద్యుత్ కేంద్రపు వెలుగు. మహబూబాబాద్ పల్లెల్లో చీకటి దొరికినా ఇంత మసకవి కంటికి చిక్కవు. అయితే ఆకాశం ఫోటోలు ఎప్పుడో తీసి ఉన్నాయి. ప్లేటు మీద పని మన ప్రాంతానికి కొత్త కాదు. 1901లో స్థాపించిన హైదరాబాదు నిజామియా వేధశాల, 8 అంగుళాల కెమెరా దూరదర్శినితో అంతర్జాతీయ నక్షత్ర పట్టికలో తన వంతు ఆకాశాన్ని ఫోటో తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో తాను తీసిన ప్లేటును పరిశీలిస్తూనే కొత్త తోకచుక్కను గుర్తించాడు.

పాలోమార్ కొండపై 48 అంగుళాల ష్మిట్ కెమెరాతో 1949లో మొదలుపెట్టి ఉత్తరాకాశాన్నంతా నీలి, ఎరుపు ప్లేట్లపై తీశారు. వాటినుండే జార్జ్ ఏబెల్ 1966లో 86 నీహారికల పట్టిక ప్రకటించాడు. వాటిలో కొన్ని గ్రహ నీహారికలు కావని తర్వాత తేలింది. నేడు ఆ ప్లేట్లు కంప్యూటరులో ఉచితంగా చూడవచ్చు. ఆస్ట్రియాకు చెందిన ఔత్సాహికుడు క్రోన్‌బెర్గర్ 2011లో అట్లాగే వెదకి హంస రాశిలో ఒకటి పట్టాడు.

విద్యార్థి మిత్రులకు నేను చెప్పే పద్ధతి ఇది. పాలపుంత పరిసరాలలో ఒక చిన్న గడి ఎంచుకోండి. ఎరుపు, నీలి చిత్రాలు పక్కపక్కన పెట్టండి. హైడ్రోజన్ 6563 ఆంగ్‌స్ట్రాముల వద్ద వెలుగుతుంది గనుక నీహారిక తరచు ఎరుపులో బాగా కనబడుతుంది. నడుమ నీలి చుక్క ఉంటే ఆశ పెరుగుతుంది. ఒక్క ప్లేటులోనే ఉన్న మచ్చ దుమ్ము కావచ్చు, గీత కావచ్చు. ప్రకాశవంతమైన నక్షత్రం పక్కనున్న గుండ్రని వలయం కటకపు ప్రతిబింబం కావచ్చు. దూరపు గెలాక్సీ కూడా అట్లాగే మోసగిస్తుంది. ఆపైన పాత పట్టికలు వెదకి, ఇదివరకే ఎవరైనా చూశారేమో తెలుసుకోవాలి.

ఇన్ని దాటినా అది అభ్యర్థి మాత్రమే. తీర్పు చెప్పేది వర్ణపటం. 5007 ఆంగ్‌స్ట్రాముల వద్ద అయనీకృత ఆక్సిజన్ రేఖ బలంగా ఉండి, హైడ్రోజన్ రేఖలూ తోడైతేనే మాట ముందుకు సాగుతుంది. గంధకపు రేఖలు మరీ బలంగా ఉంటే నక్షత్ర విస్ఫోటన శేషమేమో అనుమానించాలి. లడఖ్‌లోని హాన్లేలో 2 మీటర్ల దూరదర్శినికి వర్ణపట పరికరం ఉన్నది. మంచి అభ్యర్థి దొరికితే అధ్యాపకుల ద్వారా ప్రతిపాదన పంపవచ్చు.

వంద మచ్చలు చూసి తొంభైతొమ్మిది కొట్టివేయగల ఓపికే ఇక్కడ అసలు అర్హత. కొట్టివేసిన ప్రతిదానికీ స్థానం, కారణం నోటుబుక్కులో రాయండి. మీ తర్వాత వెదికేవారికి ఆ పుటలు కూడా పనికివస్తాయి.