ప్రొపేన్: పొయ్యి నుంచి ఇంజిన్ దాకా

హైదరాబాద్‌లో ఎల్‌పీజీ ఆటో ఎక్కినప్పుడు ఒక్కోసారి ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. అది గ్యాస్ సొంత వాసన కాదు. లీకైతే పసిగట్టడానికి కలిపే ఇథైల్ మెర్కాప్టాన్‌ది. పరీక్షల్లో తరచూ కనిపించే బిట్ ఇది.

ఎల్‌పీజీలో ఉండే ప్రొపేన్ ఫార్ములా C₃H₈. మరిగే ఉష్ణోగ్రత మైనస్ 42 డిగ్రీల సెల్సియస్. కొద్దిపాటి పీడనానికే ద్రవంగా మారడం దీని అసలు బలం. సీఎన్‌జీని సుమారు 200 బార్ల పీడనంతో నింపాలి, ప్రొపేన్‌కు దాదాపు 10 బార్లు చాలు. అందుకే ట్యాంకు తేలిక, బంకు ఖర్చూ తక్కువ. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి ట్యాంకును 80 శాతానికి మించి నింపరు.

ఆక్టేన్ సంఖ్య 100 పైనే, అంటే ఇంజిన్‌లో నాకింగ్ తక్కువ. ఆవిరిగా మండుతుంది కనుక మసి పెద్దగా పట్టదు. చలిలోనూ తేలిగ్గా స్టార్టవుతుంది. అమెరికాలో చాలా స్కూలు బస్సులు దీనిమీదే నడుస్తున్నాయి. అక్కడి వాహన ఇంధనం హెచ్‌డీ-5లో కనీసం 90 శాతం ప్రొపేన్ ఉండాలి. మన ఆటో ఎల్‌పీజీ మాత్రం ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం.

లోపమూ ఉంది. లీటరుకు వచ్చే శక్తి పెట్రోలు కంటే దాదాపు నాలుగో వంతు తక్కువ, మైలేజీ ఆ మేరకు పడిపోతుంది. పైగా శిలాజ ఇంధనమే.

పరీక్షల్లో తికమక పెట్టే తేడా: సీఎన్‌జీలో ప్రధానంగా ఉండేది మీథేన్, గాలికంటే తేలిక. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేలబారుగా పేరుకుంటుంది. భద్రత గురించే మరో మాట: ఇంటి సిలిండర్‌ను బండికి తగిలించడం చట్టరీత్యా నేరం.