చెరువు కాయకము, నీరు దాసోహము

వాన కురిసిన నాడు నీటి విలువ ఎవరికిని తోచదు. చెరువు ఎండిన నాడు తోచినను ఫలము లేదు. ఈ రెండు దినముల నడుమ ఊరివారు ఏమి చేయుదురో దానిని బట్టియే ఆ ఊరి బలము తెలియును. కరవును, వరదను తట్టుకొని నిలువగల శక్తి కట్టకు పేర్చిన రాతిలో మాత్రమే లేదు. కట్టను కాచు మనుష్యుల నడుమ గల సంబంధములో ఉన్నది. బసవేశ్వరుడు బోధించిన కాయకము, దాసోహము అను రెండు తత్త్వములను చెరువునకు అన్వయించి చూచుటయే ఈ పాఠము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల వారికి ఈ పాఠము పరాయిది కాదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని జన్మస్థలము. కన్నడ దేశమున వెలసిన బసవన్న చరితమును తెలుగు ద్విపదలో బసవపురాణముగా రచించి, జానుతెనుగున ఇంటింటికిని అందించిన మహానుభావుడతడు. అతని కాలము కాకతీయుల కాలము. ఆ కాలమే ఈ సీమకు పెద్ద చెరువులను కూడ ఇచ్చినది.

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ త్రవ్వించినది. దానికి ధర్మకీర్తి సముద్రమని పేరిడిరి. అచటి శాసనము కాకతీయ వంశ చరిత్రకు ముఖ్యమైన ఆధారముగా నిలిచినది. భూపాలపల్లి జిల్లాలోని ఘణపురమున కోటగుళ్లు, గణపసముద్రము ఒకే ఊరి సొత్తులు. 2019 వరకు అదే జిల్లాలో ఉండి, నేడు ములుగు జిల్లాకు చెందిన పాలంపేటలో, రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్ప గుడి చెంతనే రామప్ప చెరువు కలదు. ఊరు, గుడి, చెరువు అను మూడును కలిపి తలంచుట ఆనాటి పద్ధతి. గుడిలో దీపము వెలుగవలెనన్న పొలము పండవలెను. పొలము పండవలెనన్న చెరువు నిండవలెను.

ఈ సీమలోని చెరువులు పెక్కు గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండి మత్తడి దూకిన నీరు దిగువ చెరువున చేరును. కావున ఏ ఊరి చెరువును ఆ ఊరిది మాత్రమే కాదు. ఎగువ ఊరివారు కట్టను నిర్లక్ష్యము చేసిన దిగువ ఊరికి ముంపు కలుగును; ఎగువవారు కాలువను మళ్ళించుకొనిన దిగువవారికి ఎండ మిగులును. ఒక ఊరి తప్పు మరియొక ఊరి దుఃఖమగును.

ఈ గొలుసును కాపాడినవారెవరు? చెరువు త్రవ్వించిన ప్రభువుల పేర్లు శాసనములలో కలవు. నీరటి పేరు ఏ రాతి మీదను కానరాదు. తూము తెరచి మూయువాడతడు. ఏ మడికి ఎన్ని గడియల నీరో ఎరిగి వంతుల ప్రకారము పారించువాడతడు. ముసురు పట్టిన రాత్రి కట్ట మీద నడచి, గండి పడు సూచన కనిపించిన ఊరిని మేల్కొలుపువాడతడు. ప్రతిఫలముగా పంటనాడు కల్లములో రైతులు కొలిచియిచ్చు గింజలే అతని జీవనము. చెరువులను కట్టించి బాగుచేయించు వారికి దశబంధమను పేర భూమినిచ్చు ఆచారమును ఉండెను. కాని నీరటులలో అనేకులు తక్కువగా చూడబడిన కులముల వారు. తన పొలమునకు వచ్చు నీటిని అతని చేతికి అప్పగించిన ఊరే, అతని చేతి నీటిని త్రాగుటకు వెనుదీసినది. ఇది మన చెరువుల చరిత్రలోని పెద్ద గండి.

బసవన్న దృష్టిలో ఈ భేదమునకు తావు లేదు. సత్యముగా చేసిన ఏ పనియైనను కాయకమే. కాయకమున హెచ్చుతగ్గులు లేవు. బట్టలుదుకు మడివాలు మాచయ్యను సోమనాథుడు బసవపురాణములో మహాభక్తునిగా కీర్తించెను. మైల బట్టను శుద్ధి చేయు పని శివపూజయైనప్పుడు, ఊరి నీటిని కాచు పని శివపూజ కాకపోవుట ఎట్లు? నీరటిని గౌరవింపక చెరువును పూజించుట, జంగముని ఆకలితో పంపి లింగమునకు నైవేద్యము పెట్టుట వంటిది.

ఇక దాసోహము. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణ సంప్రదాయమున ప్రసిద్ధము. రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము నడుపుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. అవసరమునకు మించిన ఆశ భక్తులకు తగదని చెప్పి, మిగులు బియ్యమును తిరిగి అచటనే పోసి రమ్మని భర్తను పంపెను. తూము దగ్గరి రైతు ఈ కథను తలంపవలెను. అతని మడిలో అవసరమునకు మించి నిలిచిన నీరు, ఆయకట్టు చివరనున్న రైతు మడికి చేరవలసిన నీరు.

బోరుబావికిని ఇదే న్యాయము. జనగామ వంటి మెట్టసీమలో బోర్లు పెరిగిన కొలది భూగర్భజలము లోతునకు దిగినది. చెరువు నీరు తగ్గుట అందరి కన్నులకు కనబడును. భూమిలోని నీరు తగ్గుట ప్రక్కవాని బోరు ఎండిన పిదపనే తెలియును. తన పొలము క్రింది నీరు తనదేయని తలంచుట భ్రమ; ఆ నీటికి గట్లు లేవు. 2002లో నీరు, భూమి, చెట్ల సంరక్షణకై ప్రత్యేక చట్టము వచ్చినది. అయినను చట్టము చూడలేని చోట మనస్సాక్షి చూడవలెను.

బావులు, బోర్లు వచ్చిన పిదప చెరువు మీది శ్రద్ధ సన్నగిల్లినది. నీరటి వ్యవస్థ సడలినది, పూడిక పేరుకొనినది, శిఖము భూములు ఆక్రమణల పాలైనవి. 1997లో నీటి వినియోగదారుల సంఘముల కొరకు చట్టము వచ్చినది. 2015లో మిషన్ కాకతీయ ప్రారంభమై, రాష్ట్రమునందలి 46,531 చెరువులను, కుంటలను దశలవారీగా పునరుద్ధరింపవలెనని సంకల్పించినది. యంత్రములు త్రవ్విన ఒండ్రును రైతులు తమ ఖర్చుతో తమ పొలములకు తోలుకొనిరి. చెరువునకు లోతు, చేనికి సారము ఒకేసారి లభించినవి. కాని యంత్రము ఒక వేసవికి వచ్చి వెడలిపోవును. మరుసటి ఏడు కట్ట మీద మొలచిన తుమ్మను నరుకువారెవరు? ఆ ప్రశ్నకు సమాధానము ఊరియందే కలదు.

ఇటీవలి వరదలు ఈ ప్రశ్నను మరింత తీవ్రము చేసినవి. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కనాటిలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. జూలై 27న భూపాలపల్లి సమీపమున మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినది. జనులు మేడలెక్కి ప్రాణములు దక్కించుకొనగా, హెలికాప్టర్లు, పడవలు వచ్చి వారిని కాపాడినవి. కొందరు కొట్టుకొనిపోయిరి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లా కేసముద్రము చేరువలో రైలు పట్టాల క్రింది కట్ట కోసుకొనిపోయినది. అంతటి వానను ఆపుట మనుష్యుని చేతిలో లేదు. అయితే నీటి రాకను ముందుగా కనిపెట్టువాడు ఊరిలో ఉండుట, అతని మాటను ఊరు వినుట, మేడ గలవాడు గుడిసెవానికి తలుపు తెరచుట మనుష్యుల చేతిలోనే ఉన్నవి. వరద వచ్చిన రాత్రి క్రొత్తగా పుట్టు బంధుత్వము లేదు. అంతకు ముందే ఉన్నదే అక్కరకు వచ్చును.

సత్కార్యము చేయువారికి మరియొక హెచ్చరిక కలదు. సొన్నలిగె సిద్ధరాముడు నేటి షోలాపురమున చెరువు త్రవ్వించి ప్రజలకు మేలు చేసిన కర్మయోగి. అల్లమప్రభువు అతనిని కలిసి, చెరువులు, గుళ్లు నిర్మించుటతోనే సాధన ముగియదని, చేసినవాడను నేనను భావము కరగవలెనని బోధించినట్లు సంప్రదాయము చెప్పును. చెరువుపని నేడును కీర్తికొరకు, ఫలకముల కొరకు జరిగినచో ఫలకము మిగిలి చెరువు పూడును.

బసవ జయంతి వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చును. అది చెరువుల అడుగు కనబడు కాలము. పూడిక తీయుటకు, తూము బాగుచేయుటకు, కాలువల ముండ్లపొదలు నరుకుటకు తగిన కాలము. ఆనాడు ఊరేగింపుతో పాటు ప్రతి లింగాయత కుటుంబము నుండి ఒకరు పార పట్టి చెరువులోనికి దిగుట బసవన్నకు ప్రీతికరమైన పూజ. మఠములకు చెరువు క్రింద భూములున్నచో తమ వంతు నీటిని కొలత ప్రకారమే తీసుకొని ఇతరులకు మార్గము చూపవలెను. శిఖములో ఎవరి గట్టు ముందుకు జరిగినను, తమవారిదే మొదట వెనుకకు జరుపవలెను. చివరి మడి కౌలురైతునకు, ఒంటరి స్త్రీకి నీరు చేరినదా యని విచారింపవలెను. ఆ దినపు దాసోహ పంక్తిలో నీరటిని పిలిచి, అందరితో సమానముగా, అందరి నడుమ కూర్చుండబెట్టవలెను. అతని ఆకులో వడ్డించిన అన్నము అతడు పారించిన నీటితో పండినదే.