తెల్లవారుజామున కడుపునొప్పి: అరుదైన ఒక కారణము

కడుపునొప్పి యనగానే మన ఇండ్లలో వాము, ఇంగువ, వేడినీరు ఇచ్చుట పరిపాటి. అజీర్ణశూలకు అది చాలును. కాని శూల యంతయు ఆహారదోషము వలననే కలుగదు. మధిర ప్రాంతపు పల్లెలు మొదలు భద్రాచలము అడవి అంచు వరకు గల గృహస్థులు తప్పక తెలిసికొనదగిన కారణము ఒకటున్నది. అది కట్లపాము కాటు.

సుశ్రుతసంహిత కల్పస్థానములో సర్పములను దర్వీకర, మండలి, రాజిమంతము మొదలగు వర్గములుగా విభజించిరి. నల్లని ఒంటిపై తెల్లని కట్లు గల ఈ పామును పెద్దలు రాజిమంతములలో చేర్చుదురు. ఇది రాత్రి సంచరించి, నేలపై నిద్రించువారిని కాటువేయును. కోరలు మిక్కిలి చిన్నవగుటచే నొప్పి, వాపు, గాటు ఏవియు కనబడకపోవచ్చును. పాము కరచినట్లు రోగికే తెలియదు.

సుమారు ముప్పది సంవత్సరముల క్రితము, వానకాలమున తెల్లవారుజామున ఒక బాలుని నా వద్దకు తెచ్చిరి. కడుపునొప్పి, వాంతి. రాత్రి భోజనమును గూర్చి అడిగి హింగ్వాష్టక చూర్ణము ఇచ్చితిని. అరగంట గడచిన పిదప వాని కనురెప్పలు వాలుచున్నవని తల్లి చూపినది. వెంటనే ఆసుపత్రికి పంపితిమి. కొన్ని దినములు కృత్రిమశ్వాసపై ఉండి బ్రదికెను. ఆ అరగంట ఆలస్యము నా పొరపాటే. పడక ఎక్కడ అని నేను అడుగలేదు.

లక్షణములు: నేలపై పండుకొని లేచినవారికి కడుపునొప్పి, వాంతి; పిదప రెప్పలు వాలుట, ఒకటి రెండుగా కనబడుట, మాట ముద్దయగుట, మ్రింగలేకపోవుట, కడకు శ్వాస స్తంభించుట.

చేయవలసినది: రెప్పలు వాలువరకు వేచియుండరాదు. అనుమానము కలిగిన వెంటనే 108కు ఫోను చేసి, విషపు విరుగుడు ఇంజక్షను, కృత్రిమశ్వాస యంత్రము గల ఆసుపత్రికి చేర్చవలెను. రోగిని నడిపింపరాదు. వాంతి యగుచున్నచో ఎడమ ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను. మన దేశపు విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషములకును పనిచేయును. కనుక పామును వెదకుచు కాలము గడపరాదు.

చేయరాదనివి: ఆముదము, కషాయము, నీరు ఏదియు నోట పోయరాదు, మ్రింగలేనివానికి అది ఊపిరితిత్తులలోనికి పోవును. కట్టు బిగించుట, గాటుపెట్టుట, పసరు పూయుట కూడదు. ఈ విషమునకు ఇంటివైద్యము లేదు.

నివారణ: మంచముపై పండుకొని, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపవలెను. రాత్రివేళ దీపము లేక బయటికి పోరాదు.

పాఠకులారా! తెల్లవారుజామున ఎవరైన కడుపునొప్పి యన్నచో, ఏమి తింటివని అడుగుటకు ముందు ఎక్కడ పండుకొంటివని అడుగుడు.