కొండ అంచున ఒక పాఠం: అమరకంటక్ లోయ నడక

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. 1887లో స్థాపితమైన బెంగాల్–నాగపూర్ రైల్వే తన ప్రధాన మార్గాన్ని 1891లో ఈ ఊరి మీదుగా పూర్తి చేసింది. ఉత్తరాన కట్నీ వైపు పోయే శాఖ కూడా ఇక్కడినుండే బయలుదేరుతుంది. ఆ రైల్వేలో పనికై శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడినవి. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్ర కార్యాలయ స్థానం. ఇక్కడి విద్యార్థులకు ఒక్క రోజులో భూగోళ శాస్త్రాన్ని కన్నులారా చూపగల పాఠశాల అమరకంటక్.

కట్నీ మార్గంలో రైలు సాల వనాల మధ్యగా కొండలెక్కుతుంది. తెలుగువారు గుగ్గిలం చెట్లనేవి ఈ సాల వృక్షాలే. భన్వార్‌టోంక్ వద్ద సొరంగం దాటి, బిలాస్‌పూర్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరాన పెండ్రారోడ్ చేరుతుంది. అక్కడినుండి ఘాట్ రోడ్డున మైకల్ కొండలపైకి పోతే మధ్యప్రదేశ్‌లోని అమరకంటక్ వస్తుంది. ఇది సముద్ర మట్టానికి 1,000 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమి.

నర్మదా కుండంలో పుట్టిన నది కొన్ని కిలోమీటర్లు సన్నని వాగుగా సాగి, కపిలధార వద్ద సుమారు 30 మీటర్ల లోతుకు దూకుతుంది. అక్కడినుండి మెట్లు, కాలిబాట లోయలోకి దిగుతాయి. ఒక వైపు నిలువు బండ, మరొక వైపు లోయ. దాదాపు కిలోమీటరు దూరాన దూధధార అనే చిన్న జలపాతం ఉన్నది. నీరు పాలవలె తెల్లగా కనబడుటచే దానికా పేరు వచ్చింది.

ఈ బాటలో స్థానికుడైన మార్గదర్శి తోడుండుట అవసరం. ఏ మెట్టుపై పాచి పట్టినదో, వాన వెలిసిన తరువాత ఎంతసేపు ఆగవలెనో అతనికి తెలుసు. ఈ కొండలలోని గోండులు, బైగాలు అడవి మూలికలను ఎరిగిన వారు. కంటి మందుగా ఇక్కడ ప్రసిద్ధిగాంచిన గులబకావళి పువ్వును చూపవలెనన్నా ఈ ప్రాంతపువారే చూపవలెను.

అంచున నిలువరాదని మార్గదర్శి హెచ్చరించుటకు శాస్త్ర కారణం కలదు. జలపాతపు నీరు బండ అడుగు భాగాన్ని తొలుస్తుంది. ఆధారం పోయిన పైరాయి ఒకనాడు విరిగి పడుతుంది. ఆ విధంగా జలపాతం యుగాల తరబడి వెనుకకు జరుగుతూ పోగా, అది విడిచిన దారియే లోయగా మిగులుతుంది. పైనుండి గట్టిగా కనబడే అంచు క్రింద బోలుగా ఉండవచ్చును.

కుండానికి మరొక వైపున సోన్‌మూడా ఉన్నది. సోన్ నది జన్మస్థానంగా భక్తులు కొలిచే ఆ చోట సన్నని ధార కొండ అంచునుండి అడవిలోకి జారిపోతుంది. నర్మదకు, సోన్‌కు వివాహం నిశ్చయమైనదనీ, జోహిలా చేసిన మోసానికి అలిగి నర్మద పడమటికి మరలినదనీ జానపదుల కథ. భూగోళ శాస్త్రం దీనినే జలవిభాజకమంటుంది. నర్మద 1,312 కిలోమీటర్లు ప్రవహించి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. సోన్ పాట్నాకు ఎగువన గంగలో చేరుతుంది. ఇరుగుపొరుగున పడిన రెండు వాన చినుకులలో ఒకటి అరేబియా సముద్రానికి, రెండవది బంగాళాఖాతానికి పోవచ్చును.

మూడవ నీరు బిలాస్‌పూర్‌ది. పెండ్రా ప్రాంతాన పుట్టిన అర్పా నది ఆ పట్టణం గుండా పారి శివనాథ్‌లోను, దాని ద్వారా మహానదిలోను కలుస్తుంది. ఆ అర్పా నేడు సంవత్సరంలో అధిక భాగం ఇసుక మేటగా కనబడుతున్నది. దానిని కాపాడవలెనన్న వ్యాజ్యాలు బిలాస్‌పూర్‌లోని ఉన్నత న్యాయస్థానం వరకు వచ్చినవి. అడవి నేల వాన నీటిని పట్టి ఉంచి, మెల్లమెల్లగా ఊటలకు విడుస్తుంది. అడవి పలుచనైతే వాన వచ్చిన వెంటనే నీరు జారిపోతుంది. వేసవికి ఊట మిగలదు. 2005లో ఈ కొండలను అచానక్‌మార్–అమరకంటక్ జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించుటలోని ప్రాముఖ్యం ఇక్కడ బోధపడుతుంది. 2012లో యునెస్కో కూడా దీనిని తన ప్రపంచ జాబితాలో చేర్చింది.

కొండ ఒక రాష్ట్రానిది, పట్టణం మరొక రాష్ట్రానిది. పట్టణంలోని రైల్వే కుటుంబాలలో ఎన్నో వేరొక రాష్ట్రంనుండి వచ్చినవి. అయినను కొండపై నరికిన చెట్టు నష్టం క్రింద చేద వేసుకొను ప్రతి ఇంటికీ చేరుతుంది. ఆ నీటికి భాషా భేదం లేదు. లోయలో చెత్త వేయకుండుట, బాట విడిచి మొక్కలు తొక్కకుండుట చిన్న నియమాలే. కాని నది మొదలు వద్ద పాటించిన నియమం నది పొడవునా మేలు చేస్తుంది.

అభ్యాసము

1. అమరకంటక్ ప్రాంతాన పుట్టిన మూడు నదులను పటంలో గుర్తించి, అవి చేరే సముద్రాలను వ్రాయండి.
2. జలపాతం వెనుకకు జరుగుటకు కారణమేమి?
3. మీ ఊరి వాగు ఏ కొండనుండి వచ్చుచున్నదో, ఆ కొండపై అడవి ఏ స్థితిలో ఉన్నదో పెద్దలనడిగి తెలుసుకొనండి.