కాండిన్‌స్కీ చిత్రములు

ఏ వస్తువు రూపమును గానరాని చిత్రమును జూచినచో విద్యార్థులు నవ్వుదురు. రష్యా దేశీయుడగు వాసిలీ కాండిన్‌స్కీ (1866–1944) చరిత్రము వినిన పిమ్మట నెట్లుందురో చూడవలెను.

ఇతడు మాస్కోలో న్యాయశాస్త్రమభ్యసించెను. 1896లో ఆచార్య పదవి లభించుచుండగా దానిని కాదని, చిత్రలేఖనము నేర్చుకొనుటకై మ్యూనిక్ నగరమునకేగెను. అప్పటికాతనికి ముప్పదియేండ్ల ప్రాయము! మొదట కొండలను, గుఱ్ఱములను, గోపురములను వ్రాసెను. అవిభాజ్యమనుకొన్న పరమాణువు సైతము చీలునని శాస్త్రజ్ఞులు తెలుపగా, లోకమెల్ల కూలినట్లు తనకు దోచెనని యతడే వ్రాసికొనెను. క్రమముగా నతని చిత్రములందు కొండ గీతగను, గుఱ్ఱము వంపుగను మాఱి, తుదకు వస్తురూపములే మఱుగుపడెను.

1922 మొదలు జర్మనీలోని బౌహౌస్ కళాశాలయందు బోధించుచు, వృత్తములు, త్రికోణములు, సరళరేఖలతో చిత్రములు కూర్చెను. (ఇవి నాకంతగా రుచింపవు.) 1933లో నాజీల యొత్తిడిచే నా కళాశాల మూతపడగా పారిస్ చేరువకు వలసపోయెను.

అచ్చట జీవశాస్త్ర గ్రంథములలోని పిండముల పటములను, సూక్ష్మజీవుల పటములను శ్రద్ధతో బరిశీలించెను. యుద్ధకాలమున, 1940లో వ్రాసిన "ఆకాశ నీలము" అను చిత్రమునందు నీలివర్ణముపై చిన్నచిన్న వింతజీవులు తేలియాడుచుండును. అవి యే ప్రాణులని యడిగినచో నుత్తరము లేదు. చెఱువునీటి బొట్టును సూక్ష్మదర్శినిలో జూచిన బాలునికి మాత్రము అవి పరిచితములవలెనే తోచును.