సిగరెట్ గుర్తొచ్చే ఆ పది నిమిషాలు

హాస్టల్‌లో ఒక సలహా ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. "జిమ్‌కి పోరా, అన్నీ అవే మానేస్తావ్." సిగరెట్ అయినా, రాత్రి రెండింటి దాకా రీల్స్ అయినా, రోజుకి ఆరు చాయ్‌లైనా అందరికీ ఒకటే మందు. ఈ సలహాలో సగం నిజం ఉంది. మిగతా సగం నమ్మి నెల రోజులు జిమ్‌కి వెళ్ళి, సిగరెట్ మానలేక, చివరికి జిమ్ మానేసినవాళ్ళు మన ఫ్లోర్‌లోనే దొరుకుతారు. అందుకే ఏ సగం నిజమో చూద్దాం.

ముందు నిరాశపరిచే సంగతి. కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఒకే ప్రశ్న మీద జరిగిన ట్రయల్స్ అన్నీ ఒకచోట చేర్చి, మొత్తం మీద ఏం తేలిందో చెప్తుంది. సిగరెట్ మానడానికి వ్యాయామం ఉపయోగపడుతుందా అన్న ప్రశ్న మీద 2019లో వాళ్ళు 24 ట్రయల్స్ చూశారు. ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కాలం గడిచాక లెక్క చూస్తే, మామూలు కౌన్సెలింగ్‌కి వ్యాయామం కలిపినా కలపకపోయినా మానేసినవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ విషయం యూట్యూబ్ ఫిట్‌నెస్ గురువులు ఎవరూ చెప్పరు.

రెండో సంగతి దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తుంది. 2007లో టేలర్, అషర్, ఫాక్నర్ అనే ముగ్గురు పరిశోధకులు ఇంకో రకం ప్రయోగాలను కలిపి చూశారు. కొన్ని గంటలు సిగరెట్ తాగకుండా ఉన్నవాళ్ళ చేత ఒక్కసారి వ్యాయామం చేయించి, ఆ వెంటనే తాగాలన్న కోరిక ఎంతుందో అడగడం ఈ ప్రయోగాల పద్ధతి. కోరిక బాగా తగ్గింది. చేస్తున్నంతసేపే కాదు, ఆపాక కూడా కొంతసేపు తగ్గే ఉంది. దీనికి పెద్ద వర్కౌట్ కూడా అక్కర్లేదు. మామూలు వేగపు నడక సరిపోయింది. ఒక ప్రయోగంలోనైతే కుర్చీలో కూర్చుని ఐదు నిమిషాలు కండరాలు బిగించి వదలడం కూడా పనిచేసింది. అంటే ల్యాబ్‌లో సార్ చూస్తుండగా కూడా చేయొచ్చన్నమాట!

మరి ఈ రెండూ ఎలా కలుస్తాయి? నాకు అర్థమైనంతలో తేడా అంతా టైమ్‌లోనే ఉంది. కోరిక రోజంతా ఒకే మట్టంలో ఉండదు. అల లాగా లేస్తుంది, కొద్ది నిమిషాలు గట్టిగా ఉంటుంది, మనం ఏమీ ఇవ్వకపోయినా తగ్గిపోతుంది. మన భాషలో చెప్పాలంటే అది ఇంటరప్ట్. ఆరింటికి జిమ్‌లో చెమటోడ్చిన ప్రభావం పదకొండింటి బ్రేక్ దాకా మిగలదు. సరిగ్గా ఆ బ్రేక్‌లోనే "చాయ్‌కి పోదాం పా మామా" అన్న పిలుపు వస్తుంది. పొద్దున జిమ్‌కి వెళ్తే గుండెకి, కండకి మంచిదే, ఆ మాట కాదనను. కానీ సిగరెట్ మీద పనిచేయాలంటే వ్యాయామం ఆ కోరిక లేచిన పది నిమిషాల్లోనే జరగాలి.

ఆ పది నిమిషాల్లో ఒంట్లో ఏం జరుగుతుందో కూడా కొంచెం తెలిస్తే మంచిది. పొగ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. రక్తంలో దాని మోతాదు సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అలా పడిపోయేటప్పుడు వచ్చే చిరాకునే మనవాళ్ళు "టెన్షన్" అంటారు. ఇంకో సిగరెట్ వెలిగిస్తే ఆ చిరాకు పోతుంది కాబట్టి సిగరెట్ టెన్షన్ తగ్గిస్తుందని నమ్ముతారు. తను పెట్టిన మంటని తనే ఆర్పి మంచిపేరు కొట్టేస్తుందది. మానేశాక మొదటి వారం అన్నిటికంటే కష్టం. తర్వాత కొన్ని వారాల్లో క్రమంగా తేలికపడుతుంది. నడకతో దాటాల్సింది ముఖ్యంగా ఈ రోజుల్నే.

ఇప్పుడు మన మంఖాల్ సంగతికొద్దాం. 2003 నాటి కేంద్ర చట్టం ప్రకారం విద్యాసంస్థకి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు. 100 గజాలంటే 91 మీటర్లు, నింపాదిగా నడిచినా ఒకటిన్నర నిమిషం పట్టదు. చట్టం పక్కాగా అమలైనా కోరిక తగ్గేలోపే డబ్బా దగ్గరుంటాం. కాబట్టి గేటు దాటాక డబ్బా లేని వైపు తిరగడం మన చేతుల్లో పనే. ఏడు నిమిషాలు వెళ్ళి, ఏడు నిమిషాలు వెనక్కి. బ్రేక్ అయిపోతుంది, అల కూడా అయిపోతుంది.

ఎక్కడ నడవాలి అన్నది మాత్రం నిజంగా సమస్యే. పక్కనే 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డుంది, కానీ దాని మెయిన్ రోడ్డు మీద పాదచారులకి, బైకులకి అనుమతి లేదు. 2023 అక్టోబర్‌లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది, అదేమో నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. మనకి మిగిలింది సర్వీస్ రోడ్డు. పగలు టిప్పర్లు, రాత్రి కుక్కలు. గర్ల్స్ హాస్టల్‌కి టైమింగ్స్ ఒకటి అదనం. అందుకని నా ఓటు మెట్లకి. ఏ హాస్టల్‌లో అయినా మెట్లుంటాయి, మే నెల ఎండలో కూడా నీడ ఉంటుంది, పర్మిషన్ లెటర్ అక్కర్లేదు. మూడు ఫ్లోర్లు నాలుగుసార్లు ఎక్కి దిగండి, ఆయాసంలో సిగరెట్ ఊసే రాదు.

తిండి విషయంలోనూ ఇదే కథ. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీలో చాక్లెట్ బాగా తినే అలవాటున్నవాళ్ళని 15 నిమిషాలు వేగంగా నడిపించి, తర్వాత పని చేసుకునే బల్ల మీద చాక్లెట్ గిన్నె పెట్టారు. ఊరికే కూర్చున్నవాళ్ళతో పోలిస్తే నడిచినవాళ్ళు సుమారు సగమే తిన్నారు. తినొద్దని వాళ్ళకెవరూ చెప్పలేదు. అసైన్‌మెంట్ రాస్తూ చిప్స్ ప్యాకెట్ ఎప్పుడు ఖాళీ అయిందో తెలియనివాళ్ళు ఇది ఒకసారి ప్రయత్నించొచ్చు.

ఫోన్ దగ్గర ఒక చిక్కుంది. సిగరెట్ డబ్బాలో ఉంటుంది, ఫోన్ జేబులో ఉంటుంది. స్టెప్స్ లెక్కపెట్టడానికని దాన్నీ నడకకి తీసుకెళ్తే మెట్ల మీద నిలబడి రీల్స్ చూస్తాం. రూమ్‌లో ఛార్జింగ్‌కి పెట్టి వెళ్ళాల్సిందే. ఆ రోజు స్టెప్స్ ఎన్నో తెలియకపోతే వచ్చే నష్టమేమీ లేదు.

ఎన్నాళ్ళు చేయాలి? 21 రోజులని వాట్సాప్ చెప్తుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలో తన పేషెంట్లు కొత్త ముఖానికి అలవాటు పడే కాలం గురించి చెప్పిన మాట నుంచి ఈ లెక్క పుట్టింది. లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజుల అంచనా వచ్చింది. మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి ఇంటర్నల్స్ వారంలో రెండు రోజులు మెట్లు ఎక్కలేదని మొత్తం వదిలేయక్కర్లేదు.

ఒక్క చోట మాత్రం ఈ వ్యాసంలో చెప్పినదేదీ వాడకండి. రోజూ ఎక్కువగా మందు తాగేవాళ్ళు, కల్తీ కల్లుకి అలవాటు పడినవాళ్ళు ఒక్కసారిగా ఆపేసి పరుగు మొదలుపెడితే ప్రాణం మీదకొస్తుంది. మన రాష్ట్రంలో కల్తీ కల్లులో అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఫిట్స్, భ్రమలతో ఆసుపత్రుల పాలయ్యారు. మన ఊళ్ళల్లో తాతలు, పెదనాన్నలు ఈ లెక్కలోకి రావచ్చు. "నడువు తాతా, తగ్గిపోతుంది" అనడం అక్కడ ప్రమాదం. ముందు డాక్టర్ పర్యవేక్షణలో మందులతో నెమ్మదిగా తగ్గించాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో దీనికి చికిత్స ఉంది. నడక ఆ తర్వాతి సంగతి.

పొగాకు మానాలనుకునేవాళ్ళకి జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, దానికి డబ్బులు పడవు. మనసు బాగోకపోతే టెలి-మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.